తలలోంచి వెళ్లే సలాం

బాగున్నదాన్ని బాగుచేయడమే నాగరికత. చెడిపోయినదాన్ని బాగుచేయడం మెకానిక్ పని, దానికి ఒక పానా చాలు. ఏ లోపమూ లేనిదాన్ని పట్టుకొచ్చి, కొత్త రంగులు పూసి, కొత్త లోపాలు అమర్చి, పాతదాన్ని ఎవరికీ దొరక్కుండా చేసి మళ్లీ అమ్మాలంటే మాత్రం ఉన్నత విద్య, అద్దాల భవనం, కనీసం నలుగురు విభాగాధిపతులు కావాలి. పాత వీడియో గేములను పునరుద్ధరించి విడుదల చేసే పరిశ్రమ ఈ రోజు ఆ శిఖరం మీదే నిలబడి ఉంది. (దగ్గరికెళ్లి చూస్తే శిఖరం కొండకు సరిగా అతకలేదు, కాస్త గాలిలో తేలుతోంది. దాని మీద ఫిర్యాదు పరిశీలనలో ఉంది.)

ఈ నాగరికత పాతబస్తీలోని మా పత్తర్‌గట్టిక్కూడా వచ్చిందని పాఠకులకు సవినయంగా తెలియజేస్తున్నాను.

ఇంటర్నెట్ సెంటర్లు గల్లీకొకటి ఉన్న రోజుల్లో, అఫ్జల్‌గంజ్‌లో ఓ సైకిల్ సామాన్ల దుకాణం మీది గదిలో కూర్చుని ఎల్లేష్ అనే కుర్రాడు ‘సవారీ’ అనే ఆట తయారుచేశాడు. ఆటలో మీరు ఆటోడ్రైవరు. అఫ్జల్‌గంజ్‌లో మనిషిని ఎక్కించుకుని, మూసీ దాటి, పత్తర్‌గట్టి మీదుగా గడువులోగా చార్మినార్ చేరాలి. అంతే ఆట. బొమ్మలన్నీ బియ్యపు గింజలంత చుక్కలు. రెండు చుక్కలకు కాళ్లు మొలిస్తే మేక, మూడో చుక్క చేరితే పోలీసు. మూసీ నీలంగా ఉండేది. (ఆటలో అసలైన దృశ్య లోపం అదొక్కటే. దాని మీద మాత్రం ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.)

దుకాణాలు గీయడానికి ఎల్లేష్ కెమెరా పట్టుకుని బజారంతా తిరిగాడు. తిరుగుతూ మా పక్కింటి అజ్మత్ అలీ దగ్గరికి వచ్చాడు. అజ్మత్ అలీకి పత్తర్‌గట్టిలో గాజుల దుకాణం. ఫోటో దిగడమంటే ఆయనకు గిట్టదు, కానీ ఆటలో ఉండడానికి ఒప్పుకున్నాడు. ఒక షరతు మాత్రం పెట్టాడు.

“నన్ను కుర్సీల ఊకె కూసోబెట్టకు బేటా. ఊకె కూసున్నోని దగ్గరికి గిరాకీ రాదు. వచ్చేటోనికి పోయేటోనికి సలాం జేస్తున్నట్టు పెట్టు.”

ఎల్లేష్ అలాగే పెట్టాడు. ఆటో దుకాణం ముందుకు రాగానే తెల్ల టోపీ, బూడిద రంగు గడ్డం ఉన్న ఆ పదిపన్నెండు చుక్కల మనిషి చెయ్యి నుదుటి దాకా లేపి సలాం చేస్తాడు. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా చూసినవాళ్లందరూ “అరే, అజ్మత్ భాయ్!” అన్నారు. అసలు తమాషా తర్వాత మొదలైంది. పెద్దమనిషి సలాం చేస్తే బదులివ్వకుండా పోవడం మా బజారులో మర్యాద కాదు. కాబట్టి ఆడేవాళ్లంతా అక్కడ ఆటో ఆపి, ఒకసారి హారన్ కొట్టి, అప్పుడు కదిలేవారు. ఈలోగా గడువు దాటిపోయేది. పాతబస్తీలో ఈ ఆట ఆడినవాళ్లలో సమయానికి చార్మినార్ చేరినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. అందుకు బాధపడినవాడూ లేడు. ఓడిపోవడం ఎలాగూ అలవాటే, మర్యాద ఎందుకు పోగొట్టుకోవాలన్నది మా వాళ్ల లెక్క.

అజ్మత్ అలీ కొన్నేళ్ల క్రితం గుండెపోటుతో పోయాడు. దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటే ఉంది, రేషన్ కార్డు కోసం దిగింది. అందులో ఆయన పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టినట్టు బిగుసుకుపోయి ఉంటాడు. ఆయన భార్య సురయ్యా ఆపా ఆ ఫోటోను ఎప్పుడూ చూడదు. రోజూ సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కూతురు ఆఫ్షీన్ ఫోన్ అందుకుని, సీడీల నుంచి ఫోన్లలోకి కూడా వచ్చిన సవారీ తెరిచి, ఆటో నడుపుకుంటూ పత్తర్‌గట్టికి వెళ్తుంది. దుకాణం ముందు ఆపుతుంది. ఆయన సలాం చేస్తాడు. ఈమె బదులిస్తుంది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి చాయ్ పెడుతుంది. ఆమె జన్మలో ఇంకే బండీ నడపలేదు.

ఇంత సజావుగా నడుస్తున్నది ఏదైనా ఉంటే అది ఎక్కువ కాలం ఉండకూడదన్నది ప్రగతి నియమం. ఎల్లేష్ పెట్టుకున్న చిన్న కంపెనీని నవదృశ్య అనే పెద్ద కంపెనీ కొనేసింది. ‘సవారీ: దివ్యదర్శన సంచిక’ వచ్చింది. ఎవరినీ అడక్కుండా అందరి ఫోన్లలో పాత ఆట మీద కూర్చుంది. పాత సీడీలు ఎక్కడైనా ఉన్నాయేమోనని వెతికాను. ఉన్నాయి. పావురాలు రాకుండా మిద్దెల మీద దారాలకు కట్టి వేలాడుతున్నాయి.

కొత్త సంచికలోని విశేషాలు నిష్పక్షపాతంగా మనవి చేస్తాను. వాన కురిస్తే తెల్లటి నులకతాళ్లు నేలలో దిగబడి అలాగే నిలుస్తాయి, ఆటో వాటి మధ్య నుంచి దూరి పోవాలి. దుకాణాల బోర్డులన్నీ యంత్రం తనంతట తానే చదివి, తనకు తోచినట్టు తిరిగి రాసింది. ఉర్దూ వచ్చినవాళ్లు, తెలుగు వచ్చినవాళ్లు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు అందరూ వాటిని సమానంగా చదవలేకపోయారు. (భాషా సమస్యకు ఇంత న్యాయమైన పరిష్కారం ఏ ప్రభుత్వమూ చూపలేదు.) చార్మినార్‌కు ఐదో మీనారు మొలిచింది. అదేమని అడిగితే, కొనుగోలుదారుకు అదనపు విలువ అన్నారు. మూసీ మాత్రం ఇంకా నీలమే.

ఇక అజ్మత్ అలీ. గడ్డం నున్నగా మెరుస్తోంది, సబ్బు ప్రకటనలో కుర్రాడిలా పళ్లన్నీ కనిపిస్తున్నాయి. ఆటో రాగానే సలాం కోసం చెయ్యి లేస్తుంది. లేచి నుదుటి దగ్గర ఆగదు. నుదుట్లోకి దిగి, తలలోంచి ప్రయాణించి, టోపీ వెనక నుంచి వేళ్లు బయటికి వస్తాయి. కాసేపు అక్కడ ఆడి మళ్లీ అదే దారిన తిరిగి వస్తాయి.

ఆ సాయంత్రం సురయ్యా ఆపా ఫోన్ పట్టుకుని మా మెట్లెక్కి వచ్చింది. వెనక ఆఫ్షీన్.

“భాయ్, మీరు పేపర్ల రాస్తరు గదా, జర జెప్పుండ్రి వాళ్లకు. గా చెయ్యి తలకాయలకెళ్లి ఎందుకు పోతున్నది? ఆయనకు నొయ్యదా?”

“అమ్మీ, అది బొమ్మ” అంది ఆఫ్షీన్ నెమ్మదిగా.

“బొమ్మనే. నాకెర్క లేదా? గా బొమ్మ మంచిగుండె గదా మొన్నటిదాంక. గన్ని పళ్లు కూడ లేకుండె ఆయనకు.”

ఆమెకు కావలసింది అంతే. ఆయన చెయ్యి నుదుటి దగ్గర ఆగాలి. నేను పేపర్లో రాసేవాణ్ని కనుక నా మాట ఎక్కడైనా చెల్లుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం ఇష్టంలేక నేను ఫిర్యాదు చేయడానికి పూనుకున్నాను.

నవదృశ్య వారి ఫిర్యాదుల యాప్‌లో దృశ్య లోపాలు మూడు రకాలు. కనిపించకూడనిది కనిపించుట, కనిపించవలసినది కనిపించకపోవుట, కనిపించునది కనిపించవలసినట్లు కనిపించకపోవుట. మేము మూడోది నొక్కాం. ఫిర్యాదుదారుకు పాత్రతో గల సంబంధం ఏమిటని అడిగింది. అభిమాని, పోటీదారు, న్యాయవాది అని ఉన్నాయి, భార్య అని లేదు. అభిమాని అని నొక్కాం. (ఆఫ్షీన్ నవ్వింది. ఆపా నవ్వలేదు, అందులో తప్పేముందంది.) తర్వాత, ఫిర్యాదు పాత్ర ముఖానికి సంబంధించినది కనుక పాత్ర స్వయంగా కెమెరా ముందుకు వచ్చి గుర్తింపు ధ్రువీకరించుకోవాలంది. వేరే దారిలేక ఆఫ్షీన్ ఆ రేషన్ కార్డు ఫోటోను కెమెరా ముందు పెట్టింది. యాప్ మర్యాదగా, “దయచేసి కనురెప్పలు ఆర్పండి” అంది. యాప్ మళ్లీ అడిగింది.

ఆపా ఫోటోను తీసుకుని కొంగులో పెట్టుకుంది. “ఆర్పడు. ఫోటో అంటెనే నచ్చకపోయేది ఆయనకు” అంది.

ఎల్లేష్‌ను పట్టుకుందామని అఫ్జల్‌గంజ్ వెళ్లాను. అతనిప్పుడు అదే భవనంలో కింది దుకాణంలో సైకిల్ సామాన్లు అమ్ముతున్నాడు.

“గది నా చేతుల లేదన్నా. అన్నీ వాళ్లకు రాసిచ్చిన. నా దగ్గర ఒక్క కాపీ సుత ఉంచుకోవద్దని సంతకం బెట్టిచ్చుకున్నరు. నా ఆట నేను ఆడాలన్నా వాళ్లనే అడగాలె” అన్నాడు. ఆ సంతకం గురించి ఇంకా ఏదో అనబోయి, గిరాకీ వస్తే అటు తిరిగాడు.

ఇక మిగిలింది నవదృశ్య కార్యాలయం. అది నగరం అవతలి కొసన ఉంది, అక్కడ భవనాలు కూడా ఒకదానికొకటి సలాం చేసుకోవు. ఆపా మంచి బురఖా వేసుకుని, డబ్బాలో ఖుబానీ మీఠా పట్టుకుని వచ్చింది. దృశ్య లోపాల నివారణ విభాగానికి ఉప అధిపతి విమలాదేవి గారు మమ్మల్ని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు.

“చెయ్యి తలలోంచి వెళ్లడం లోపం కాదండీ” అన్నారు ఆవిడ. “ఆ క్యారెక్టర్ తలకు మేం ఘనత్వం ఇవ్వలేదు. ఘనత్వం అంటే, ఏదైనా తగిలితే ఆగడం. అది మెయిన్ క్యారెక్టర్లకే ఇస్తాం. అందరికీ ఇస్తే ఫోన్లు వేడెక్కుతాయి.”

“మేకలకు ఇచ్చారు కదండీ?” అన్నాను. ఆటలో మేక తలకు తగిలి నా ఆటో రెండుసార్లు బోల్తాపడింది.

“మేకలు గేమ్‌ప్లేకి అవసరమండీ.”

ఆపా ఇదంతా శ్రద్ధగా వింది. “అంటె మేకకు తలకాయున్నది, మా ఇంటాయనకు లేదు” అంది.

“అలా కాదమ్మా. ఉంది. కనిపించడానికి ఉంది.”

“జర ఆయనకు సుత ఇయ్యుండ్రి బేటీ. పెద్ద తలకాయ గూడ కాదు ఆయనది.”

విమలాదేవి గారి ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. నేను చూశాను, ఆవిడకు ఘనత్వం ఉంది. కానీ ఆవిడ వెంటనే తెర వైపు తిరిగి, ఫిర్యాదును ‘అత్యవసర’ విభాగంలోకి మార్చారు. మీఠా కూడా తీసుకున్నారు. ఆపా తిరుగుప్రయాణంలో ఎంతో సంతోషంగా ఉంది. నేనూ కాస్త ఆశపడ్డాను, ఎందుకు పడ్డానో ఇప్పటికీ తెలియదు.

రంజాన్ వెళ్లాక జవాబు వచ్చింది. భాష వారిది, యథాతథంగా ఇస్తున్నాను.

“తమ ఫిర్యాదుపై సమగ్ర అధ్యయనం జరిగింది. పత్తర్‌గట్టిలో సదరు పాత్ర ఎదుట ఆటోలు నిష్కారణంగా ఆగుతున్నట్లు మా వాహన ప్రవాహ పటంలో గుర్తించాము. ఈ ధోరణి పాతబస్తీ వినియోగదారులలో తీవ్రంగా ఉన్నది. ఇందువల్ల వారెవరూ ఆట పూర్తి చేయలేకపోవుచున్నారు. కావున ప్రవాహానికి ఆటంకముగా నున్న సదరు పాత్రను తొలగించడమైనది. దీంతో తల, చెయ్యి రెండింటి సమస్యయు శాశ్వతముగా పరిష్కరింపబడినది.”

నాకు ఒళ్లు మండిపోయింది. సలాముకు బదులివ్వడానికి ఆగడాన్ని రోగం కింద జమకట్టి, సలాం చేసేవాణ్ని కోసి పారేశారు. విమలాదేవి గారికి ఫోన్ చేసి తోచినంతా అన్నాను. ఆవిడ అంతా విన్నారు.

“నాకూ బాధగానే ఉందండీ. కానీ పాత్రను తీసేశాక కూడా మీవాళ్లు ఆయన ఉండే ఖాళీ చోటు ముందు ఆటో ఆపుతున్నారట, హారన్ కూడా కొడుతున్నారట. పైవాళ్లకు అసలు అర్థం కావట్లేదు. అది కూడా సరిచేస్తున్నారు.”

సరిచేశారు. ఇప్పుడు పత్తర్‌గట్టిలో ఆ దుకాణం ముందు బ్రేకు పనిచేయదు.

నిన్న అసర్ అయ్యాక నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఆపా ఫోన్ అందుకుంది. వద్దని ఆఫ్షీన్ ఎంత చెప్పినా వినలేదు. మూసీ దాటింది, నులకతాళ్ల వాన మధ్య నుంచి దూరింది, దుకాణం కనిపించగానే రెండు వేళ్లతో బ్రేకు గట్టిగా నొక్కింది. ఆటో ఆగలేదు. ఆమె చెయ్యి నుదుటి దాకా లేచేసరికి దుకాణం వెనకబడిపోయింది. ఆటో తనంతట తాను చార్మినార్ ముందు నిలబడింది, గడువుకు ముందే. బాజాలు మోగాయి. ‘అభినందనలు! మీరు గెలిచారు!’ అని బంగారు అక్షరాలు వచ్చాయి. తెర పైనుంచి గులాబీలు, చామంతులు రాలి, రోడ్డునూ ఆటోనూ మెల్లగా కప్పేశాయి.

ఆఫ్షీన్ ముఖం గోడవైపు తిప్పుకుంది.

“గెల్చుడంటె గిదేనా భాయ్?” అని అడిగింది ఆపా.

నేను తెర వంకే చూస్తూ కూర్చున్నాను. విమర్శకుడికి నిజాయితీ ఉండాలి కనుక ఒక మాట ఒప్పుకోక తప్పదు: ఆ పూలు మాత్రం అచ్చం నిజం పూలలాగే ఉన్నాయి, ఒక్క రేకులో కూడా లోపం లేదు.