ఎదిగే పిల్లగాడి తుపాకి

ఆ పొద్దున శాంతయ్య వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. బండి కట్టుకుని కొడుకుతో వనపర్తికి పోవాలి, జింకల కోసం ఒక తుపాకి కొనాలి, చీకటి పడకముందే ఇంటికొచ్చి జొన్నరొట్టె తిని పడుకోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందో ఎవరికీ తోచేది కాదు.

గోపాల్‌పేట దాపున ఆయనకు మెట్ట చేను ఉంది. జొన్న మోకాలెత్తు వచ్చిందో లేదో, జింకల మంద ఒకటి రోజూ తెల్లవారేసరికి వచ్చి మేసిపోవడం మొదలుపెట్టింది. డప్పు కొట్టి చూశాడు, కేకలు వేసి చూశాడు. కొన్నాళ్లకు డప్పు మోగుతుంటే అవి ఇంకా తీరిగ్గా మేయసాగాయి. చివరికి శాంతయ్య సంస్థానం కచేరీ చుట్టూ తిరిగి తన పేరున తుపాకి లైసెన్సు సంపాదించాడు. పేల్చేది మాత్రం పదిహేనేళ్ల కొడుకు హన్మంతు అని ఊరంతా చాటాడు. అసలు సంగతి భార్య జమ్ములమ్మ ఒక్కదానికే తెలుసు. పెండ్లి ఊరేగింపులో బాణసంచా పేలితే గడ్డివాము వెనక్కి పోయి నిలబడే మనిషి ఆయన.

కొడుకంటే శాంతయ్యకు ప్రాణం. ఆ ప్రేమను చూపించడానికి ఆయనకు తెలిసిన దారి ఒక్కటే, ఏది కొన్నా ఒక కొలత పెద్దది కొనడం. "ఎదిగే పిల్లగాడు" అని దర్జీకి చెప్పి చొక్కాలు మోకాళ్ల దాకా కుట్టించేవాడు. చెప్పుల్లో గుడ్డపేలికలు కుక్కి తొడిగించేవాడు. చారల గుడ్డ ఒక తాను మొత్తం కొని పెట్టుకున్నాడు కాబట్టి ఏటా అదే చొక్కా, కొంచెం పొడుగ్గా. హన్మంతు దానికి తగినట్టు ఎదిగే నాటికి అది చినిగి చేలోని బెదురుబొమ్మ మీదికి పోయేది. ఆ బొమ్మకు మాత్రం చక్కగా సరిపోయేది. పుట్టిన దగ్గరనుంచీ తన కొలతకు కుదిరిన వస్తువు ఒక్కటీ ఆ పిల్లవాడు ఎరగడు.

బండి సగం దారిలో ఉండగా హన్మంతు నోరు విప్పాడు.

"నాయినా, బందూకన్న నా కొలతకు తీస్కో. ఇంకేమడగ."

"నీ కొలత యాడుంటది బిడ్డా. నెలకొక తీరు ఉంటవ్."

"ఇయ్యాల ఉన్న కొలతకు తీస్కో నాయినా."

శాంతయ్య నవ్వి ఎద్దులను అదిలించాడు.

వనపర్తి బజారులో అమానుల్లా తుపాకులు బాగుచేస్తాడు, పాతవి అమ్ముతాడు. ఆయన పిల్లవాణ్ని ఒకసారి ఎగాదిగా చూసి, లోపలినుంచి చిన్న రైఫిలు ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. హన్మంతు దాన్ని భుజానికి ఆనించాడు. చెంప చెక్క మీద వాలింది, వేలు తనంత తానే మీట మీదికి పోయింది. వాడు ఊపిరి కూడా పీల్చకుండా అలాగే నిలబడిపోయాడు.

"చూసినవా పటేలా, కుట్టించినట్టే ఉన్నది" అన్నాడు అమానుల్లా.

"ఇయ్యాల గట్లనే ఉంటది సాయిబు. వచ్చే ఏటికి పొట్టిగైతది. గా గోడకున్నది ఏంది?"

"అది ఆరడుగుల మనిషిది. దాని మడమ, గదే భుజానికి ఆనిచ్చే చెక్క, చాన పొడుగు. ఈ పిల్లగానికి వేలు అందది."

"అందుతది. ఎదిగే పిల్లగాడు."

"జర ఇను పటేలా. బందూకు అంగీ గాదు, చేతులు మడుచుకోనీకె."

శాంతయ్య వినలేదు. మంచి సామాను కొన్న సంతోషంతో పొడుగు తుపాకిని బండిలో గడ్డి మీద పడుకోబెట్టి, దాని మీద గొంగడి కప్పాడు. హన్మంతు తిరుగు ప్రయాణమంతా వెనక్కి తిరిగి, వనపర్తి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆకలేసి అలా ఉన్నాడనుకున్నాడు తండ్రి.

మర్నాడు తెల్లవారుతుండగా తండ్రీకొడుకులు బండిలో చేనికి పోయారు. మంచు పలచగా కమ్ముకుని ఉంది. జింకలు ఎప్పటిలాగే వేళకు వచ్చాయి. హన్మంతు తుపాకి ఎత్తాడు. మడమ భుజానికి ఆనితే వేలు మీటకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. చెయ్యి ఎంత సాచినా లాభం లేదు.

"చంకల పెట్టుకో" అన్నాడు శాంతయ్య.

చంకలో పెట్టుకుంటే వేలు అందింది కానీ గొట్టం బరువుకు ముందుకు వాలిపోయింది. కొడుకు చిన్నబుచ్చుకోవడం శాంతయ్య చూడలేకపోయాడు. చెవుల్లో దూది గట్టిగా కుక్కుకున్నాడు. కొడుకు ముందు గొంతుక్కూర్చుని, గొట్టాన్ని తన భుజం మీద పెట్టుకున్నాడు. తుపాకి చప్పుడుకు భయపడే మనిషి తన చెవి పక్కనే గొట్టం పెట్టుకుని కళ్లు మూసుకున్నాడంటే అది కొడుకు మీది ప్రేమే. తెలివి అని మాత్రం అనలేం.

తుపాకి పేలింది. హన్మంతు వెల్లకిలా పడ్డాడు, శాంతయ్య బోర్లా పడ్డాడు. గుండు జింకలను వదిలేసి బెదురుబొమ్మ తలకుండను పగలగొట్టింది. చారల చొక్కాతో సహా బొమ్మ జొన్నలో కూలింది. ఎద్దులు బెదిరి బండితో పరుగు తీశాయి. హన్మంతు లేచి వాటి వెంట పడ్డాడు.

సరిగ్గా ఆ సమయానికే పక్క చేను మాసయ్య చెంబు పట్టుకుని గట్టు దిగుతున్నాడు. మంచులో ఆయనకు కనిపించింది ఇంతే. శాంతయ్య దగ్గర పొగ. అటు చారల చొక్కా వేసుకున్నవాడి తల పగలడం, వాడు నేల కూలడం. ఊళ్లో చారల చొక్కా ఎవరిదో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మాసయ్య చెంబు అక్కడే పారేసి ఊళ్లోకి ఉరికాడు.

"శాంతయ్య కొడుకును కాల్చిండు" అని మొదటి ఇంటి దగ్గర చెప్పాడు. నాలుగో ఇంటికి చేరేసరికి, నిన్న బండిలో తండ్రీకొడుకులు మాట్లాడుకోకుండా రావడం చూశామనేవాళ్లు పుట్టుకొచ్చారు. ఆ వీధి చివరికి కారణం కూడా తయారైంది. సంస్థానం పోలీసు జమేదారు ఏదో పని మీద వచ్చి ఊరి పటేలు అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. ఆయన చాయ్ వదిలేసి లేచాడు. జమ్ములమ్మ రొట్టెల పిండి చేతులతోనే అందరికన్నా ముందు పరుగెత్తింది. ఊరు ఊరంతా ఆమె వెనక చేనిలోకి దిగింది. జింకలు నెల రోజుల్లో తొక్కనంత జొన్నను జనం ఒక్క నిమిషంలో తొక్కారు.

శాంతయ్య తుపాకి ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చెవుల్లో దూది సంగతి పూర్తిగా మరిచిపోయాడు. లోకమంతా గొంతు పోయి పెదవులు ఆడిస్తున్నట్టు కనిపిస్తున్నది ఆయనకు. ఉద్యోగస్తులు ఏమడిగినా తల ఊపడం మంచిదని ఆయన అనుభవం.

"నీ కొడుకును నువ్వే కాల్చినవా?" అని జమేదారు అడిగాడు.

శాంతయ్య తల ఊపాడు.

"గీ బందూకుతోనేనా?"

ఊపాడు.

"ఎందుకు కాల్చినవ్?"

దానికీ ఊపాడు. ఎందుకు అన్నదానికి కూడా తల ఊపిన నేరస్తుణ్ని జమేదారు తన నౌకరీలో చూడలేదు.

ఇంతలో జమ్ములమ్మ జొన్నలో బోర్లా పడి ఉన్న చొక్కాను చేరి, రెండు చేతులతో తిప్పింది. లోపల గడ్డి. పక్కన పెంకులు. ఆమె అక్కడే కూలబడింది. జనం వెనకనుంచి హన్మంతు, ఒళ్లంతా మన్నుతో, ఎద్దులను పట్టుకుని వచ్చాడు.

"ఏమైందమ్మా? ఎవరికేమైంది?"

జమ్ములమ్మ వాణ్ని దగ్గరికి లాక్కుని, పిండి చేతులతో ముఖమంతా తడిమింది. ఆమె ఏడుస్తున్నది, ఎందుకో వాడికి తెలియదు. మాసయ్య తన చెంబు వెతుక్కుంటానని అటు పోయాడు.

జమేదారు ఇబ్బందిలో పడ్డాడు. చాయ్ చల్లారిపోయింది, ఇంత జనంలో ఉత్త చేతులతో వెనక్కి పోతే బాగుండదు. తుపాకి అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లైసెన్సు నీ పేరు మీద ఉన్నది. ఏదీ, భుజానికి పెట్టు" అని సైగ చేశాడు.

శాంతయ్య పెట్టాడు. ఆయన చేతులు కొడుకు చేతుల కంటే పొట్టివి. వేలు మీట దరిదాపులకు కూడా పోలేదు. హన్మంతుకూ ఇచ్చి చూశాడు. వాడికీ అందలేదు. జమేదారు ముఖం మళ్లీ గంభీరమైంది.

"నీకు అందది, నీ కొడుక్కు అందది. మరి గీ బందూకు ఎవనిది? అమ్రాబాద్ అడవిల పొడుగాటి దొంగ ఒకడు తిరుగుతుండని మాకు ఖబరున్నది. వానిది తెచ్చి నీ ఇంట్ల దాస్తున్నవా?"

శాంతయ్య తల ఊపాడు.

"పద వనపర్తికి. బందూకు జప్తు."

హన్మంతు ముఖం వాడిపోయింది. తనకు సరిపోని తుపాకే అయినా, అది పోతే ఇక నాయిన ఈ జన్మకు ఇంకోటి కొనడని వాడికి తెలుసు. ఆ ముఖాన్ని జమ్ములమ్మ చూసింది. లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. ఆమెది గద్వాల వైపు. మొగుడి కన్నా తలంత ఎత్తు ఎక్కువ మనిషి. పెండ్లిలో శాంతయ్య పీట మీద నిలబడి తాళి కట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఇటియ్యి జమేదారు సాబ్" అని తుపాకి తీసుకుంది. మడమ ఆమె భుజంలో కుదురుగా కూర్చుంది. వేలు మీట మీద వాలింది. ముందు వరసలోవాళ్లు పక్కకు జరిగారు.

"నాదే గిది. మా నాయన షికారుకు పోయేటోడు, చిన్నప్పుడు పట్టిన."

"ఆడామెకు బందూకు ఏందమ్మా?"

"మా గద్వాలల రాజ్యమే ఆడామె ఏలుతున్నది. జింకను బెదిరియ్యనీకె నేను పనికి రానా?"

జనం చప్పుడు తగ్గేసరికి జింకలు చేను చివర మళ్లీ దిగాయి. జమ్ములమ్మ కొడుకు జేబులోంచి ఇంకో గుండు తీసి నింపి, అటు తిరిగి పేల్చింది. దేనికీ తగల్లేదు, కానీ మంద మొత్తం గుట్ట దాటి పోయింది. జమేదారు రెండడుగులు వెనక్కి వేసి, గొంతు సవరించుకున్నాడు.

"ఠీక్ ఉన్నది. గిది ఈమె పేరు మీద రాయిస్త. నీకేమన్న ఉజ్రు, అభ్యంతరం ఉన్నదా, లేదు గద?" అని శాంతయ్యను అడిగాడు.

శాంతయ్య తల ఊపాడు.

భర్త చెవుల్లోంచి తెల్లగా ఏదో కనిపించడం జమ్ములమ్మ అప్పుడే గమనించింది. తీయబోయి ఆగింది. కొడుకు వైపు చూసింది.

"అడుగు" అంది మెల్లగా.

హన్మంతు తండ్రి ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నాయినా, నీ లైసెన్సు మీద గా చిన్న బందూకు తెస్తవా?"

ఊపాడు.

"నా కొలతకేనా?"

ఊపాడు. జమేదారు, పటేలు, ఊరు ఊరంతా సాక్షి. అప్పుడు జమ్ములమ్మ దూది తీసి ఆయన చేతిలో పెట్టింది.

తాను ఒప్పుకున్నవన్నీ ఒక్కొక్కటే వింటూ శాంతయ్య ఇంటిదాకా నడిచాడు. కొడుకును చంపినట్టు ఒప్పుకున్నదాని కన్నా కొలత తుపాకి కొంటానన్నదే ఆయనకు ఎక్కువ బాధ అనిపించింది. కానీ అంత మంది ముందు ఊపిన తల వెనక్కి తీసుకోవడం కుదరదు. ఒక కోడెదూడను అమ్మి మళ్లీ వనపర్తికి బండి కట్టాడు.

అమానుల్లా అదే చిన్న రైఫిలు తెచ్చి ఇచ్చాడు. హన్మంతు దాన్ని భుజానికి ఆనించి, చెంప వాల్చి, నవ్వాడు. శాంతయ్య వాణ్ని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూశాడు. ఇన్నేళ్లూ ఆయన వచ్చే ఏటి కొడుకు కోసమే అన్నీ కొన్నాడు. ఈ ఏటి కొడుకును సరిగా చూడడం అదే మొదలు.

"బాగున్నది బిడ్డా" అన్నాడు. దారిలో దర్జీ దగ్గర ఆగి, ఒళ్లు కొలిచి చొక్కా కుట్టమన్నాడు.

మరుసటి ఏడు హన్మంతు ఒక్కసారిగా జానెడు పొడుగయ్యాడు. చొక్కా బొడ్డు పైకి పోయింది, పొడుగు తుపాకి వాడికి సరిగ్గా సరిపోయింది. చిన్న తుపాకి ఇంట్లో శాంతయ్యకు తప్ప ఎవరికీ సరిపోలేదు.