మహారాజా కుర్చీలో బీబీఏ

మన దేశానికి పనిచేసేవాళ్లు అక్కర్లేదు! ఉన్నవాళ్లే ఎక్కువైపోయారు. ఎటు చూసినా ఎవడో ఒకడు ఏదో ఒక పని చేస్తూ కనిపిస్తున్నాడు. చూడలేక చస్తున్నాం. మనకు కరువైంది ఆ పనిని మేనేజ్ చేసేవాళ్లు.

అందుకే ఇంటర్ పాసైన ప్రతి పిల్లనూ, ప్రతి పిల్లాణ్నీ వెంటనే బీబీఏలో చేర్పించాలని ఈ కాలమ్ చేతులెత్తి వేడుకుంటోంది. డాక్టర్ కావాలంటే ఎంట్రన్స్ రాయాలి. ఇంజనీర్ కావాలంటే లెక్కలు రావాలి. మరి మేనేజర్ కావాలంటే? బ్లేజర్ ఉంటే చాలు! రోహిణి కార్తెలో సైతం మూడు గుండీలూ పెట్టుకుని, చెమటలు కారుతున్నా చిరునవ్వు చెదరకుండా నిలబడగలిగినవాడే రేపటి నాయకుడు. ఇంత సులువైన దారి ఇంకే దేశంలోనైనా ఉందా?

నమ్మకం కుదరకపోతే సీతాఫల్‌మండి లక్ష్మణ్ సంగతి వినండి.

లక్ష్మణ్‌ది టెంట్ హౌస్. పెళ్లికి షామియానా, పుట్టినరోజుకు కుర్చీలు, దశదినకర్మకు వంటపాత్రలు. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో మంచి జరిగినా చెడు జరిగినా ముందు కబురు ఆయనకే వెళ్తుంది. దుకాణం మీద 'శ్రీ కల్పలత టెంట్ హౌస్' అని పెద్ద బోర్డు. కల్పలత ఆయన పెద్దకూతురు. ఆ పిల్ల పుట్టిన ఏడే బోర్డు రాయించాడు. పేరు బోర్డు మీద ఉండాలి గానీ, పిల్ల మాత్రం దుకాణంలో అడుగు పెట్టకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. ఎంత దూరదృష్టి!

ఆ ఒట్టు ఒక్కసారి తప్పాల్సి వచ్చింది. కల్పలత ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలంలో ఆయన టైఫాయిడ్‌తో మంచమెక్కాడు. సరిగ్గా అప్పుడే ఒకే ముహూర్తానికి మూడు పెళ్లిళ్లు మీద పడ్డాయి. కల్పలత ఎవర్నీ అడగలేదు. తాళాలు తీసుకుని దుకాణం తెరిచింది. తిరుమలగిరిలో తండ్రి స్నేహితుడు సత్యదేవ్ టెంట్ హౌస్ నుంచి కుర్చీలు అరువు తెచ్చింది. ఒక పెళ్లిలో విప్పిన స్టేజీని ఇంకో పెళ్లిలో వేయించింది. కూలర్ తిరగడం లేదని అలిగిన పెళ్లికొడుకు మేనమామకు చెరుకురసం తాగించి చల్లబరిచింది. మూడు పెళ్లిళ్లూ నిక్షేపంగా జరిగిపోయాయి.

లక్ష్మణ్‌కు మంచం మీదే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మస్తు చేసినవ్ బిడ్డా! ఇంత మంచిగ మేనేజ్ చేసేదానివి, నీకు ఈ టెంట్ హౌస్ ఎందుకే? నిన్ను మేనేజ్‌మెంట్ చదివిస్తా."

"వచ్చినదాన్నే మళ్ల చదువుడెందుకు డాడీ? నేను దుకాణం చూసుకుంట."

"చుప్! కుర్చీలు మోసుడు నాతోనే ఖతం గావాలె."

లక్ష్మణ్ తల్లి లచ్చమ్మకు మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది. "మేనేజరంటే ఏం పని చేస్తడ్రా?" అని అడిగింది.

"పని చెయ్యడమ్మా. మేనేజరు."

"మరి జీతమెందుకిస్తరు?"

పెద్ద పెద్ద కంపెనీలే ఈ ప్రశ్నకు నీళ్లు నములుతుంటే, పాపం టెంట్ హౌస్ ఆయన ఏం చెబుతాడు?

ఇక కాలేజీ ఎంపిక. మామూలు తండ్రులైతే పాఠాలు చెప్పేదెవరు, చదివి బయటికొచ్చినవాళ్లు ఏం చేస్తున్నారు అని అడిగి విసిగిస్తారు. లోకం తెలియనివాళ్లు! లక్ష్మణ్ ఫంక్షన్ల మనిషి. సికింద్రాబాద్‌లో ఒక కాలేజీవారు ఓరియెంటేషన్‌కు పిలిచారు. పేరు నేను చెప్పను, రేపు ఫోన్ చేసి వాళ్లే మీకు చెబుతారు. లక్ష్మణ్ కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లి, ముందుగా డెకరేషన్ చూశాడు.

వెల్వెట్ పరదాలు. ఎర్ర తివాచీ. గుమ్మంలో పన్నీరు చల్లే అమ్మాయిలు. ముందు వరుసలో మహారాజా కుర్చీలు! అదేనండీ, రిసెప్షన్లలో పెళ్లికొడుకునూ పెళ్లికూతుర్నీ కూర్చోబెడతారే, బంగారు రంగువి, చేతుల చివర సింహం తలలుంటాయి, అవి. లక్ష్మణ్‌ను మర్యాదగా తీసుకెళ్లి ఒకదాంట్లో కూర్చోబెట్టారు. ఆయన చెయ్యి అలవాటుగా సింహం తలను తడిమింది. సింహానికి ఒక చెవి లేదు.

ఆ కుర్చీ ఆయనదే! బన్సీలాల్‌పేట్ పెళ్లిలో దించుతుంటే విరిగిన చెవి అది. 'ఏదో కాలేజీ ఫంక్షనంట' అని సత్యదేవ్ అరువుకు పట్టుకుపోయిన కుర్చీ అది.

ఇంకొకడైతే ఏమనుకుంటాడు? కుర్చీ అద్దెది, పరదా అద్దెది, మరి చదువు ఎక్కడిదో అని అనుమానపడతాడు. అద్దె సామాను దించితే ఎంతటి రేకుల ఇల్లయినా ఒక్కపూట కోటలా కనిపిస్తుందని లక్ష్మణ్ కన్నా తెలిసినవాళ్లెవరు? ఆయన అన్నం తినేదే దానిమీద! కానీ కన్నతండ్రి కదా. ఛాతీ ఉప్పొంగింది.

"మన కుర్చీలే తెప్పిచ్చుకున్నరంటే వీళ్లకు క్వాలిటీ తెలుసే" అని కూతురి చెవిలో అన్నాడు.

తర్వాత మెల్లగా వెనక్కి వాలాడు. ఎంత హాయి! ఇన్నేళ్లు ఊరందరికీ అద్దెకిచ్చాడు గానీ, ఒక్కనాడూ తను కూర్చుని చూడలేదు.

అడ్మిషన్లు చూసే ఎలీనా మేడం మైకు తెచ్చి ఆయన నోటి ముందు పెట్టింది. "ఐదేళ్ల తర్వాత మీ అమ్మాయిని ఎక్కడ చూడాలనుకుంటున్నారు సార్?"

"ఏసీల" అన్నాడు లక్ష్మణ్.

హాలంతా చప్పట్లు. కల్పలత జీవితం ఆ చప్పట్లలో ఖాయమైపోయింది.

చదువు గురించి ఏం చెప్పమంటారు! మొదటి ఏడు బ్లేజర్ కుట్టించారు. రెండో ఏడు ఈవెంట్ మేనేజ్‌మెంట్ అనే పేపర్ పెట్టి, కుర్చీలను ఎన్ని రకాలుగా వేయవచ్చో బొమ్మలు గీసి చూపించారు. పుట్టినప్పటి నుంచీ కుర్చీల మధ్య పెరిగిన పిల్ల ఆ బొమ్మలు బట్టీపట్టి పరీక్ష రాసింది. ఇంటర్న్‌షిప్ తమ టెంట్ హౌస్‌లోనే చేస్తానంటే కుదరదన్నారు. గుర్తింపు ఉన్న సంస్థ కావాలట! అందుకని ఒక ఈవెంట్ కంపెనీలో చేరి, తిరుమలగిరి ఫంక్షన్ హాల్లో వాకీటాకీ పట్టుకుని నిలబడింది. అక్కడ కుర్చీలు దించింది లక్ష్మణ్ మనుషులే. చిన్నప్పుడు తనను ఎత్తుకు తిప్పిన వాళ్లను ఆ పిల్ల 'వెండర్స్' అని రిపోర్టులో రాసింది. అలా రాస్తేనే మార్కులు వేస్తారు మరి.

ఫలితం? చదువు అవుతూనే ఉద్యోగం! కాలేజీవారే ఇప్పించారు. రిలేషన్‌షిప్ మేనేజర్! లక్ష్మణ్ గల్లీ గల్లీకి బాదుషా పంచాడు. ఏసీ కూడా ఉందట. "ఏం మేనేజ్ చేస్తవే?" అని ఒకసారి అడిగితే, కల్పలత పళ్లెంలోంచి తల ఎత్తకుండా "రిలేషన్‌షిప్స్" అంది. ఎవరితో అని ఆయన అడగలేదు. మేనేజర్లను అలాంటివి అడగకూడదని ఆయన నమ్మకం.

ఈ ఏడు చిన్నకూతురు స్వర్ణలత ఇంటర్ పాసైంది. లక్ష్మణ్‌కు రెండో ఆలోచనే లేదు. అదే కాలేజీ, అదే బీబీఏ, అదే ఏసీ. తొందరపడొద్దని కల్పలత రోజూ అంటూనే ఉంది.

"ఏందే, నువ్ మేనేజరైనవ్, చెల్లె కావొద్దా?" అని ఒకనాడు తండ్రి కసిరాడు. ఆ తర్వాత ఆ పిల్ల నోరెత్తలేదు. కూతురు మేనేజరని వీధంతా చెప్పుకుని మురిసిపోతున్న మనిషికి ఏం చెబుతుంది? చెబితే ఆ బాదుషాలన్నీ వెనక్కి వస్తాయా?

అసలు సంగతి ఒక మధ్యాహ్నం ఫోన్‌లో వచ్చింది. దుకాణం ముందు లారీలోకి షామియానా పైపులు వేస్తున్నారు. చెవులు చిల్లులు పడే మోత. లక్ష్మణ్ ఫోనెత్తి హలో అన్నాడు. అవతల కాసేపు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ తర్వాత ఒక అమ్మాయి గొంతు.

"నమస్కారం సార్! లక్ష్మణ్ గారేనండీ? నేను రిలేషన్‌షిప్ మేనేజర్ కావ్యను మాట్లాడుతున్నాను. మీ అమ్మాయి స్వర్ణలత గారు ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైనందుకు మా కళాశాల తరఫున శుభాకాంక్షలు సార్."

టీవీలో వార్తలు చదివే తెలుగు! గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది గానీ, పైపుల మోతలో ఆయనకు అంతుపట్టలేదు. ఒక మేనేజర్ స్వయంగా తనకు ఫోన్ చేసిందన్న గౌరవంతో లేచి నిలబడ్డాడు.

"సీట్లు చాలా తక్కువ ఉన్నాయి సార్. ఈ ఆఫర్ కూడా సాయంత్రం వరకే సార్."

"చేరుస్తా మేడం, తప్పకుండ చేరుస్తా. మా పెద్దబిడ్డ సుత మీ కాలేజీలనే చదివింది. ఇప్పుడు మేనేజర్!"

లక్ష్మణ్ ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"మేడం, ఉన్నరా?"

"ఉన్నాను సార్."

"జెర ఒక్కటడుగుత, ఏమనుకోకుండ్రి. మీరేం చదివిండ్రు?"

"బీబీఏ సార్. ఇక్కడే."

"అరె, మంచిగైంది! మరి మేనేజరంటే ఇప్పుడు మీరు ఏం పని చేస్తున్నరు?"

లచ్చమ్మ అడిగిన ప్రశ్నే ఇది. మహారాజా కుర్చీలో కూర్చున్ననాడు మైకులో అడగాల్సిన ప్రశ్న. ఇన్నాళ్లకు దారి తెలుసుకుని ఆయన నోటికి వచ్చింది. అదే సమయానికి లారీ నిండి పైపుల మోత ఆగింది. అవతల టీవీ తెలుగు కూడా ఆగిపోయింది.

"నీకు ఫోన్ చేస్తున్న, డాడీ."

"కల్పా?"

"పొద్దంత గిదే పని డాడీ, కావ్య అని పేరు సుత వాళ్లు పెట్టిందే. ఎవరో ఒకరి డాడీకి ఫోన్ చేసుడు, సీట్లు అయిపోతున్నయని చెప్పుడు. కంప్యూటరే నంబర్ కలుపుతది, ఇయ్యాల నీది కలిపింది. ఈ వారం ఒక్క సీటన్న నింపకపోతే రేపట్నుంచి రావొద్దన్నరు." ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. "కాల్ రికార్డ్ అయితది, ఎలీనా మేడం వింటది. విననీ. చెల్లెను చేర్చకు డాడీ."

ఇప్పుడు చెప్పండి! బీబీఏ చదివితే ఉద్యోగం రాదని కూసిందెవరు? పెద్దకూతురి ఉద్యోగం నిలవాలంటే చిన్నకూతుర్ని చేర్చాలి. రేపు చిన్నకూతురి ఉద్యోగం నిలవాలంటే పక్కింటి పిల్లను చేర్చాలి. చేరినవాళ్లే చేర్పించేవాళ్లు, చేర్పించేవాళ్లే ఒకప్పుడు చేరినవాళ్లు! ఇంత పకడ్బందీ ఏర్పాటు ఏ ప్రభుత్వమైనా చేయగలిగిందా?

లక్ష్మణ్‌కు మాత్రం ఆ గొప్పదనం కనిపించలేదు. కూతురి గొంతును తను గుర్తుపట్టలేదన్న సిగ్గు ఒకవైపు, ఆ పిల్ల ఇన్నాళ్లు ఒక్కతే దిగమింగిందన్న బాధ ఒకవైపు. కూర్చుందామని చూస్తే పక్కన మహారాజా కుర్చీ ఉంది. ఆదివారం అదే కాలేజీ ఓరియెంటేషన్ కోసం సత్యదేవ్ మళ్లీ అడిగితే తుడిచి పెట్టింది. ఆయన దాంట్లో కూర్చోలేదు. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూలబడి, గొంతు సవరించుకున్నాడు.

"మేడం, జెర లైన్‌ల ఉండుండ్రి. మా దగ్గర సుత ఒక సీటున్నది. మేనేజర్ సీటు. ఒక్కటే ఉన్నది. మూడు పెళ్లిళ్లు ఒక్కపారే చేసినోళ్లకు ఫస్ట్ ప్రిఫరెన్స్. బోర్డు మీద పేరు ఎన్నడో రాపిచ్చి పెట్టినం. ఆఫర్ ఇయ్యాల సాయంత్రం దాకనే, మేడం."

అవతల ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఏసీ ఉంటదా సార్?" అంది.

"కూలర్ ఉన్నది మేడం. చెరుకురసం సుత తెప్పిస్తం."

సాయంత్రానికి కల్పలత దుకాణంలో ఉంది. బ్లేజర్ అక్కడే ఒక షామియానా పైపుకు వేలాడదీసింది. స్వర్ణలత ఏం చదవాలో స్వర్ణలతనే అడుగుదామని ఆ ఇంట్లో మొదటిసారి అనుకున్నారు.

ఆదివారం మహారాజా కుర్చీలు పంపేది లేదని లక్ష్మణ్ మొండికేశాడు. కల్పలత వినలేదు. "ఒప్పుకున్న ఆర్డర్ డాడీ, పంపాలె" అని దగ్గరుండి లారీ ఎక్కించింది. దందా అంటే దందానే కదా. ఆ ముక్క మాత్రం ఆ కాలేజీలో బాగానే ఒంటబట్టింది.

ఓరియెంటేషన్ బ్రహ్మాండంగా జరిగిందట. ముందు వరుసలో ఎవరో ఒక తండ్రి కూర్చుని, చెవిలేని సింహం తల నిమురుతూ, కుర్చీ ఎంత మెత్తగా ఉందో అని కూతురితో అన్నాడట.

అది మీరే కదా సార్? ఇంక ఆలోచించకండి, సాయంత్రంలోపు చేర్పించేయండి. కుర్చీ మాత్రం పొద్దుగూకేలోపు లక్ష్మణ్‌కు తిరిగి రావాలి, అది అద్దెది. మీ అమ్మాయి భవిష్యత్తుకు ఏ ఢోకా లేదు. అక్కడ ఒక మేనేజర్ పోస్టు ఈమధ్యే ఖాళీ అయింది.