మామగారి చేతి చలవ

ఆ రోజు అల్లుడి కార్యక్రమమంతా అరకాగితంలో పట్టింది. ఎనిమిదికి మూడు శాంపిల్ లాంపులనూ పెట్టెల్లోంచి తీయాలి. తొమ్మిదికి బిగించాలి. పదికి వెలిగించి, రంగు కొట్టిన మూడు రేకుల్ని వాటి ముందు ఆరబెట్టి చూడాలి. పదకొండుకు ఆసుపత్రి నుంచి వచ్చే కొనుగోలు మేడమ్‌కి ఆ రేకులు చూపించాలి. పన్నెండుకల్లా ఏ లాంపో తేల్చెయ్యాలి. ఇంత సులువైన రోజు ఈ మధ్య రాలేదనుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మామగారి ఫ్యాక్టరీలో ఆసుపత్రులకు ఇనప మంచాలు, మంచం పక్కన ఉండే చిన్న అల్మారాలు తయారవుతాయి. వాటికి తెల్ల రంగు కొట్టి, కొక్కేలకు తగిలించి, ఇరవై అడుగుల రేకు గూడు గుండా మెల్లగా నడిపిస్తారు. గూట్లో రెండు వైపులా వరసగా హాలోజన్ లాంపులుంటాయి. ఈ చివర తడిగా వెళ్లిన అల్మారా ఆ చివర ఆరిపోయి బయటికొస్తుంది. అందరూ దాన్ని సొరంగం అంటారు. చిక్కల్లా ఆ లాంపులతోనే. నెల తిరిగేలోగా నాలుగైదు మాడిపోతాయి. మూడేళ్లలో మామగారు నలుగురు లాంపుల ఏజెంట్లను మార్చారు. నలుగుర్నీ దొంగలన్నారు.

ముందురోజు అన్నాల దగ్గర ఆయన ఆ సంగతి తేల్చేశారు.

"చూడు అల్లుడూ, ఈసారి ఎంపిక నీకే వదిలేశాను. ఇవి నిలబడితే సొరంగం నీది, నేను వేలు పెట్టను. ఇవీ మాడిపోయాయంటే నేనూ మేస్త్రీ చూసుకుంటాం, నువ్వు హాయిగా ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు రాసుకో."

ఇంజనీరింగ్ చదివినవాడికి అంతకన్నా హాయి లేని ఉద్యోగం ఉండదు. అల్లుడు ఆ రాత్రి పెరుగన్నం దాకా వెళ్లలేదు.

నిజానికి అతను నెల్లాళ్లు కూర్చుని పదిహేను రకాలను మూడింటికి దించాడు. పొడవు, వోల్టేజీ, వాటేజీ సొరంగానికి సరిపోవాలి. అడ్డంగా బిగించినా లోపలి తీగ కుంగిపోకూడదు. ఆ మూడింట్లో మొదటిది మామూలు తెల్లగాజు లాంపు, కళ్లు జిగేల్‌మనే వెలుగు. ముదురు రంగులను చిటికెలో ఆరబెడుతుంది కానీ, తెల్ల రంగు ఆ వెలుగులో చాలా భాగాన్ని వెనక్కి కొట్టేస్తుంది. రెండోది ఎర్రగాజుది, పనివాళ్ల కళ్లకు సుఖం. మూడోది కాస్త మసకగా వెలుగుతుంది. వీపుకి తెల్లటి పూత ఉండడం వల్ల వేడంతా ముందుకే వస్తుంది, సొరంగం కప్పుని ఊరికే కాల్చదు. ఇవన్నీ ఒక పెద్ద పట్టికగా రాశాడు. గీతలు మాత్రం భార్య గీసింది. అతను గీస్తే ఏ గడీ పక్క గడితో కలవదు.

ఎనిమిదికి చేతులకు తెల్ల నూలు గ్లవుజులు తొడుక్కుని, లాంపుల్ని ఒక్కొక్కటిగా తీసి శుభ్రమైన గుడ్డ మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే మామగారు వచ్చారు. అద్దంలో చూసుకుని, నూనె రాసి దువ్విన జుట్టుని అరచేత్తో ఒకసారి వెనక్కి అదుముకుని, ఆ చేత్తోనే వచ్చారు.

మామగారు దేన్నీ పట్టి చూడందే కొనరు. టమాటా నొక్కుతారు, బట్ట నలుపుతారు, కుర్చీని ఊపుతారు. అల్లుణ్ణి మొదటిసారి చూసినప్పుడు కూడా భుజం గట్టిగా పట్టుకుని చూసి, "ఫరవాలేదు" అన్నారు.

"ఇవేనా? ఇంత సన్నగా ఉన్నాయేంటి?" అంటూ మొదటి లాంపు అందుకున్నారు.

"మామయ్యా, అవి కొంచెం... సున్నితమండీ."

"అయితే? నేనేమన్నా సుత్తి పట్టుకొచ్చానా?"

ఆయన దాన్ని బరువు చూశారు, దొర్లించారు, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. రెండోదానికీ మూడోదానికీ అదే మర్యాద జరిగింది. ఆ గాజుకి వేలి జిడ్డు తగలకూడదు. తగిలితే, వెలిగినప్పుడు ఆ మచ్చ గాజులోకి కాలి తెల్లబారుతుంది, కొన్నాళ్లకు లాంపు అక్కడే దెబ్బతింటుంది. అల్లుడికి ఇది బాగా తెలుసు. 'మీ చేతికి జిడ్డుంది' అనేది చాలా చిన్న వాక్యమనీ తెలుసు. కానీ ఏడాదిన్నర వయసున్న అల్లుడి గొంతులోంచి అది బయటికి రాదు. ఆ ఇంట్లో మామగారిని 'ముట్టుకోకండి' అన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

ఆయన అటు వెళ్లగానే అల్లుడు గుడ్డకి స్పిరిట్ అద్ది మూడు లాంపుల్నీ తుడిచాడు. కళ్లజోడు మర్చిపోయి వెనక్కొచ్చిన మామగారు గుమ్మంలో ఆగి అది చూశారు. లోపలికొచ్చి, ఏమీ తెలియనట్టు మూడో లాంపుని మళ్లీ ఒకసారి నిమిరి, బల్ల అంచు మీద చెయ్యి ఆనించి, బయటికెళ్లి కిటికీలోంచి తొంగి చూశారు. అల్లుడు లాంపుని తుడిచాడు. బల్ల జిడ్డు మళ్లీ లాంపుకి అంటుతుందని బల్లనీ తుడిచాడు.

మామగారు ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఇంటికి ఫోన్ చేశారు.

"ఏమే, నేను ముట్టుకున్నవన్నీ మీ అల్లుడు స్పిరిట్ పెట్టి తుడుస్తున్నాడే."

"మీ అల్లుడేంటండీ, మన అల్లుడు," అంది అత్తగారు ముందు. తర్వాత ఆవిడ గొంతు తగ్గింది. "ఏమండీ, పోయినవారం మీకు రక్తపరీక్ష చేయించాం కదా. ఆ రిపోర్టు అల్లుడు బాబే కదా తెచ్చాడు. మనకింకా ఇవ్వలేదు..."



అత్తగారు ఫోన్ పెట్టేసి వెంటనే కూతురికి చెప్పింది. కూతురు మొగుడికి ఫోన్ చేసింది. అప్పుడతను సొరంగంలో నిచ్చెన మీద నిలబడి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని రెండో లాంపు బిగిస్తున్నాడు. కింద మామగారు నిలబడి ఉన్నారు.

"ఏమండీ, నాన్నకేమైంది? నా మీద ఒట్టు, నిజం చెప్పండి."

"ఇప్పుడు చెప్పలేను. మామయ్య ఇక్కడే ఉన్నారు."

"ఆయనకి తెలియకూడదా?"

"తెలిస్తే తట్టుకోలేరు," అన్నాడు అల్లుడు గుసగుసగా. "ఆయన దేన్నీ ముట్టుకోకపోతే చాలు. గ్లవుజులు వేసుకోమని మీ అమ్మ చేత చెప్పించు. అత్తయ్య చెబితే వింటారు."

జిడ్డు సంగతే ఇంటిదాకా వెళ్లిందనుకున్న అతని దృష్టిలో అది చాలా తెలివైన ఏర్పాటు. అవతలి వైపు భార్య మాత్రం ఫోన్ పెట్టేసి అమ్మ దగ్గరికి పరిగెత్తింది.

పావుగంటలో అత్తగారు మేస్త్రికి ఫోన్ చేసి, "పెద్దాయన్ని కదలనివ్వకు నాయనా, దేన్నీ ముట్టుకోనివ్వకు, మీరూ జాగ్రత్త," అంది. మేస్త్రి నమ్మకస్తుడు. చెప్పినదానికన్నా ఎక్కువే చేస్తాడు. షెడ్డులో ఉన్న పదకొండు మందికీ గ్లవుజులు పంచాడు. ముక్కులకు గుడ్డలు కట్టించాడు. తలుపు గొళ్లేలు, స్విచ్చులు, హాజరు పుస్తకం అన్నీ స్పిరిట్‌తో తుడిపించాడు. మామగారి కుర్చీని గాలి వచ్చేచోట, మనుషులకు దూరంగా వేయించి, "అయ్యా, మీరిక్కడ కూర్చోండి. మీకెందుకు శ్రమ," అన్నాడు ముఖం పక్కకి తిప్పి.

"ఏరా, అంత ముదిరిందా?" అన్నారు మామగారు.

మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత చేతులు కూడా తుడుచుకున్నాడు.

పదిన్నరకు అత్తగారూ కూతురూ ఆటోలో దిగారు. ఒకరి చేతిలో మందుల డబ్బా, ఇంకొకరి చేతిలో దుప్పటి. అత్తగారు మొగుడికి మెడదాకా దుప్పటి కప్పి, నోట్లో థర్మామీటరు పెట్టింది. అల్లుడు సొరంగంలోంచి తొంగి చూసి, మామయ్య చేతులు దుప్పట్లో ఉన్నాయన్న ఒక్క సంగతే గమనించాడు. అత్తయ్య ఎంత నేర్పుగా సర్దింది అనుకుని, నిశ్చింతగా మూడో లాంపు బిగించాడు.

పదకొండుకు కొనుగోలు మేడమ్ వచ్చింది. ఆవిడ చాలా ఫ్యాక్టరీలు చూసింది కానీ, గుమ్మంలో నిలబెట్టి చేతులకు స్పిరిట్ పోసిన ఫ్యాక్టరీ ఇదే మొదటిది. లోపల ముక్కులకు గుడ్డలు కట్టుకున్న పదకొండు మంది దేన్నో ఒకదాన్ని తుడుస్తున్నారు. మధ్యలో యజమాని దుప్పటి కప్పుకుని థర్మామీటరు చప్పరిస్తున్నారు.

"ఇక్కడ ఎవరికి బాగాలేదు?" అంది.

పన్నెండు చేతులు మామగారి వైపు చూపించాయి. ఆయన థర్మామీటరు తీసి పక్కన పెట్టారు.

"నాకేం తెలియదమ్మా. పొద్దున బాగానే ఉన్నాను. చెప్పు అల్లుడూ, దాచకు. ఇంకెన్నాళ్లు?"

అల్లుడికి అప్పటికి గానీ ఆ దుప్పటి సంగతి బోధపడలేదు. గబగబా నిచ్చెన దిగాడు.

"మామయ్యా, మీకే జబ్బూ లేదు! రిపోర్టంతా బాగుంది. ఈ లాంపుల గొడవలో ఆ కవరు ఇవ్వడం మర్చిపోయానండీ."

"మరి నేను ముట్టుకున్నవన్నీ ఎందుకు తుడుస్తున్నావు?"

"మీ చేతికి..."

"ఆఁ, నా చేతికి?"

"జిడ్డండీ."

పొద్దున ఎనిమిది నుంచి గొంతులో ఉన్న మాట పదకొండుంబావుకి బయటపడింది. షెడ్డులో తుడవడం ఆగిపోయింది. కూతురు దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. అల్లుడు ఆగకుండా గాజు సంగతి, జిడ్డు సంగతి, తెల్లమచ్చ సంగతి ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. మళ్లీ ఆ ధైర్యం రాదని అతనికి తెలుసు.

"కొత్త లాంపుల వేషాలు!" అన్నారు మామగారు, మొహం ఎర్రబడి. "పాత లాంపుల్ని మూడేళ్లుగా రోజూ పొద్దున్నే ఒక్కోదాన్నీ పట్టుకుని బిగువు చూస్తున్నాను. వాటికేమైంది?"

"మాడిపోతున్నాయి కదండీ," అన్నాడు మేస్త్రి. అతనికి అబద్ధాలు రావు.

కొనుగోలు మేడమ్ మాడిపోయిన లాంపు ఒకటి తెప్పించింది. వెలుతురుకి పెట్టి తిప్పింది. గాజు మధ్యలో ఒక పక్క నాలుగు తెల్లమచ్చలు, రెండో పక్క ఒకటి.

"పెద్దాయనా, మీ చెయ్యి ఒకసారి ఇటివ్వండి."

మామగారు ఇష్టం లేకుండానే ఇచ్చారు. వేలికి వేలు సరిపోయింది.

"ఆ చిటికెన వేలి వంకర కూడా అలాగే ఉందండీ," అంది అత్తగారు, దగ్గరికి వంగి చూసి.

మేస్త్రి అడగకుండానే ఇంకో రెండు తెచ్చాడు. రెండింటి మీదా అదే చెయ్యి. అంటే పాత లాంపుల్లో ఏ లోపమూ లేదు. నలుగురు ఏజెంట్లూ పెద్దమనుషులే. నెల్లాళ్లు కూర్చుని రాసిన పట్టికలో అన్ని గడులూ ఉన్నాయి, మామగారి గడి ఒక్కటే లేదు.

"లాంపుల సంగతి మీరు చూసుకోండి," అంది మేడమ్ కాగితాలు తీస్తూ. "నాకు రంగు సరిగ్గా ఆరితే చాలు. ఈ సొరంగానికి బాధ్యులెవరు? ఆ పేరు ఇక్కడ రాయాలి."

అల్లుడు నేల వైపు చూశాడు. కూతురు నాన్న వైపు చూసింది. మామగారు తన రెండు చేతుల్నీ అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. నెమ్మదిగా వెనక్కి పెట్టుకున్నారు.

"మా అల్లుడి పేరు రాయండమ్మా," అన్నారు. "నేనసలు దాని దగ్గరికే వెళ్లను."

తెల్ల రంగుకి మూడో రకమే మేలని ఆ మధ్యాహ్నం రేకులు రుజువు చేశాయి. పాతవి పాడైపోయినప్పుడల్లా వాటి చోట ఒక్కొక్కటిగా అదే వేద్దామని అల్లుడు నిర్ణయించాడు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ఒక్కటీ పాడవలేదు. మూడో నెలలోనూ ఆర్డరు రాకపోయేసరికి లాంపుల ఏజెంటు ఉండబట్టలేక ఫోన్ చేసి, పెద్దాయన ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.