వరద వచ్చినా తేదీ మారదు

ఎడారి లోయలోకి దిగాలంటే మనిషికి తాడు, ధైర్యం, శనివారం ఉండాలి. తాడు మా యూటా పల్లెల్లో పెట్రోలు బంకులో కూడా దొరుకుతుంది. ధైర్యాన్ని రాష్ట్ర సరిహద్దు దాటితే సీసాల్లో అమ్ముతారు. శనివారాన్ని మాత్రం లోయల అనుమతి కార్యాలయమే లాటరీ తీసి ఇస్తుంది.

మా పక్కింటి లావార్ గారికి ఆ శనివారం ఆరేళ్ళకు తగిలింది. సోమవారం ఆయనకు మోకాలు మార్పిడి. ఆ తర్వాత తాళ్ళూ లోయలూ మరిచిపొమ్మన్నాడు డాక్టరు. అంటే ఇదే ఆఖరిసారి. ఏ బండకు తాడు కట్టాలో, ఏ గుంటలో నీళ్ళు మెడదాకా ఉంటాయో గుర్తులు పెడుతూ ఆయన నెల్లాళ్ళు భోజనాల బల్ల మీద పటం పరిచారు. ఆ నెల్లాళ్ళూ భార్య అర్విల్లా గారు కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నారు.

శుక్రవారం పిడుగులాంటి కబురొచ్చింది. మర్నాడు పై కొండల్లో పెద్ద వాన, ఇరుకు లోయల్లో వరద. మొదటి దిగుడు దిగి తాడు లాగేసుకున్నాక వెనక్కి దారి ఉండదు, ముందుకే పోవాలి. వరదదీ అదే దారి, కాకపోతే దానికి తొందరెక్కువ. ఆయనా, ఆయనతో దిగాల్సిన అర్విల్లా గారూ నేనూ, ముగ్గురం కార్యాలయానికి పరిగెత్తాం. అక్కడి అధికారిణి థార్నాక్, ఒకప్పుడు లావార్ గారి దగ్గర చర్చిలో పాఠాలు విన్న పిల్లే.

"ఆదివారం ఎండ కాస్తుందట. ఒక్కరోజు జరపవే తల్లీ" అన్నారు లావార్ గారు.

"ఆదివారం ఎవరికీ రాలేదు బాబాయ్."

"అందుకేగా ఖాళీగా ఉంది!"

"ఖాళీగా ఉంచడానికేగా లాటరీ."

"ఆదివారం చర్చి ఎగ్గొడతావా?" అని అర్విల్లా గారు కళ్ళెర్రజేశారు.

"దేవుడితో నేను మాట్లాడుకుంటాలే. ఆయన దగ్గర లాటరీ లేదు."

"మీ ప్రాణం మీ బాధ్యత, తేదీ మా బాధ్యత" అంది థార్నాక్. (ఈ వాక్యం గోడమీద పటం కట్టి కూడా ఉంది.) తర్వాత మూడు మల సంచులిచ్చింది. లోయలో ఒంట్లోంచి వెళ్ళింది ఏదైనా మూటగట్టి కార్యాలయానికి తేవాలి. (ఎడారిలో ఏదీ కుళ్ళదు. నిబంధనలు కూడా.)

శనివారం హెల్మెట్లతో, నడుముపట్టాలతో లోయ అంచున కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఎర్రటి వరద చెట్లను ఈడ్చుకుంటూ దిగింది, అనుమతి లేకుండా. లావార్ గారి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

"పోనీలేవయ్యా, మోకాలైనా మిగిలింది" అన్నారు అర్విల్లా గారు.

"సోమవారం దాకేనే అది. ఆపరేషన్ వాయిదా వేయించు. కుంటుతూనైనా మళ్ళీ లాటరీ వేస్తా."

ఆ ఆశతోనే మళ్ళీ కార్యాలయానికి వెళ్ళాం. థార్నాక్ సంచులు మూడూ వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఖాళీగా ఉన్నాయి. అంటే మీరు దిగలేదు, తేదీ ఎగ్గొట్టారు. మూడేళ్ళు లాటరీ నిషేధం."

"ఆ సంచి ఇలా ఇవ్వవే" అన్నారు లావార్ గారు. "రెండు నిమిషాల్లో సాక్ష్యం తెస్తా."

"లోయలో చేసిందే చెల్లుతుంది బాబాయ్."

"దిగుంటే చచ్చేవాళ్ళం కదే!"

థార్నాక్ నిబంధనల పుస్తకం తిరగేసింది. పాపం, మంచి పిల్ల, పెద్దాయనకు ఎక్కడైనా మినహాయింపు దొరుకుతుందేమోనని చివరిదాకా వెతికింది. దొరికింది కూడా.

"అలా అయితే నిషేధం లేదు బాబాయ్. వరదలో కొట్టుకుపోయినవాళ్ళు తేదీ పాటించినట్టే లెక్క."