ఫైలు అందిందట

రిటైరయ్యాక ప్రూఫ్‌రీడరు గారికి దొరికిన కొలువు ఒక్కటే. చూపు పోయిన భార్యకు ఆమె ఆఫీసు వెబ్‌సైటు చదివి వినిపించడం. జీతం లేదుగానీ, రోజుకు ఇరవైసార్లు "ఏమండీ!" అన్న పిలుపుండేది.

ఆఫీసువాళ్ళంతా ఫైళ్ళు పంచుకునేదీ, మాట్లాడుకునేదీ ఆ సైటులోనే. తెరమీది రాతను చదివే గొంతు ఆవిడ కంప్యూటర్‌లో ఉన్నా, అక్కడికొస్తే "బటన్... బటన్... బటన్..." అని ఊరుకునేది. బటన్లకు పేర్లే పెట్టలేదు మరి.

ఆవిడ పట్టుబట్టి నలభై ఆరు లోపాల జాబితా రాసింది. ఏ చిక్కైనా సర్దేస్తాడని అందరూ సర్దుబాటు అని పిలిచే సహోద్యోగి కూర్చుని అన్నీ సరిచేశాడు.

ఇక గొంతు గడగడా చదవసాగింది. అదీ మగగొంతు! దగ్గదు, మంచినీళ్ళు అడగదు. ఇరవై పిలుపులు రెండయ్యాయి. ఆ రెండూ తలుపు తీయమనే. ఒకే ఇంట్లో ఉంటూ విడిపోవడమంటే ఇదేనేమోనని ప్రూఫ్‌రీడరు గారికి అన్నం సయించలేదు.

అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. "మీరు లేకపోతే మేం లేం మేడమ్" అని సర్దుబాటు మెచ్చుకుంటూ రాసినప్పుడల్లా, ఈయన కుళ్ళుకుంటూ "ఫైలు అందిందట" అని చదివేవారు. మూడేళ్ళుగా! ఆ గొంతు పాత సందేశాల జోలికి వెళ్తే కొంప మునిగినట్టే.

ఆవిడ స్నానానికి వెళ్ళగానే కూర్చుని ఒక మెచ్చుకోలు చెరిపేశారు.

"సందేశం తొలగించబడింది!" అంది గొంతు, ఇల్లంతా వినపడేలా.

ఏం జరిగినా పైకి చెప్పాలన్న ఏర్పాటు కూడా సర్దుబాటుదే. శబ్దం తగ్గించబోతే వేగం పెరిగింది. దిండు తెచ్చి స్పీకరు నొక్కితే మోచేయి మీటలకు తగిలింది.

"పన్నెండు సందేశాలు తొలగించబడ్డాయి!"

"ఏమండీ, ఎవర్ని తొలగిస్తున్నారు?"

"దుమ్ము తుడుస్తున్నానోయ్!"

"దుమ్ము కూడా సందేశాలు పంపుతోందా?"

ఆవిడ వచ్చి, దిండు లాగేసి, రెండు మీటలు నొక్కింది. పదమూడూ తిరిగొచ్చాయి.

"ఇవన్నీ నిన్ననే విన్నాను. అసలు అనుమానం ఎప్పుడో వచ్చిందిలెండి. నేను పంపినవి తొంభై ఫైళ్ళు. మీ లెక్కలో అందినవి నూట నలభై!"

"మరి... అడగలేదేం?"

"అడిగితే సిగ్గుపడి చదవడం మానేస్తారని."

ఆయన తల వంచుకున్నారు. "ఇక నాతో పనేముంది?"

"ఎందుకు లేదు? సైటులో ఫోటోలకు వివరణలు లేవు. మీరు రాయండి, గొంతు చదువుతుంది. అదే మీకు శిక్ష."

మొదటి ఫోటోలోనే సర్దుబాటు! పళ్ళు నూరుకుంటూ టైపు చేశారు: "ఎడమవైపు బట్టతల. కుడివైపు నా భార్య. నవ్వితే బుగ్గన సొట్ట. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా తనివి తీరలేదు."

గొంతు చదివింది. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది. "ఇంకోసారి."

ఆయన గొంతు సవరించుకున్నారు.

"మిమ్మల్ని కాదు," అంటూ మీట నొక్కింది.

గొంతు మళ్ళీ చదివి, "సర్దుబాటు నుంచి కొత్త సందేశం" అంది. ఆవిడ గబుక్కున ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తనకెలాగూ అక్కర్లేని తెరను ఆర్పేసింది. విన్నంతసేపూ బుగ్గన సొట్ట పడుతూనే ఉంది.

"ఏమని రాశాడోయ్?" అన్నారు కళ్ళున్న ప్రూఫ్‌రీడరు గారు, నల్లటి తెరలోకి తొంగిచూస్తూ.

"ఫైలు అందిందట," అంది ఆవిడ.