క్రోనిక్ అంటే కాలం

ఆ పొద్దు మబ్బులు త్రిపురారం మీదికి వచ్చి, చినుకు రాల్చకుండానే కాలువ దాటిపోయాయి. మంగయ్య ఎద్దు బేరానికి కోదాడ వెళ్లాడు. ఉతుకుదామని ఆండాళు అతని అంగీ విదిలిస్తే జేబులోంచి దవాఖాన చీటీ రాలింది. అంతా ఇంగ్లీషు. మొన్న మిర్యాలగూడలో డాక్టరు ఏమన్నాడో ఎన్నిసార్లు అడిగినా మొగుడు నోరు విప్పలేదు. ఆండాళు తడి చేతులతోనే బడికి నడిచింది.

నర్సింగరావు సారు ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పడు. వేరు పట్టి పీకుతాడు.

"క్రోనిక్. క్రోనోస్ అంటే గ్రీకు భాషల కాలం, అమ్మా."

"కాలమా?"

"కింద టెంప్ అని రాసిండు. టెంపస్ అంటే లాటిన్ల గూడ కాలమే."

"రెండుసార్లు రాసిండా సారూ?"

"రెండు భాషలల్ల! పక్కన నార్మల్ అన్నడు. అంటే మామూలే."

కాలం చేయడం డాక్టర్లకు మామూలే కావచ్చు. ఆండాళుకు ఉన్నది ఒక్క మొగుడు. వెళ్లి బస్సు ఆగేచోట కూలబడింది.

నాటుకు పోతున్న పొరుగింటి ఈదమ్మ ఆగింది. "ఏమైందొదినా, గిట్ల గూసున్నవ్?"

"మీ అన్నకు... కాలం... సారు సదివి జెప్పిండు..." మిగతాది ఏడుపు.

ఈదమ్మ నాటు వదిలి ఊళ్లోకి పరుగెత్తింది. వాకిట్లో "కాలం దగ్గరపడ్డదట" అన్న మాట బావి దగ్గర "కాలం చేసిండట" అయింది. తిరిగి ఆండాళు దగ్గరికి చేరేసరికి "కోదాడలనే ఖతమైండు, బస్సుల తెస్తున్నరు" అయింది. ఊరంతా అంటుంటే ఆమె ఒక్కతి ఎలా కాదంటుంది? చావింట్లో పొయ్యి వెలిగించరు గనుక ఈదమ్మే అన్నం, పచ్చిపులుసు చేసింది. ఎవరో పాడెకు వెదుళ్లు నరికారు. బడికి సెలవిచ్చి సారూ వచ్చాడు.

మూడు గంటల బస్సు ఆగింది. అందరూ బస్సు పైకప్పు వైపు చూశారు. మంగయ్య దగ్గుకుంటూ తలుపులోంచి దిగాడు. గుంపును చూశాడు, వెదుళ్లను చూశాడు.

"ఎవలు వోయిన్రు?"

ఒకడు వెదుళ్లను వెనక్కి జరిపాడు. అతని మొహం పాలిపోయింది. "మా ఆండాళు ఏది?" అంటూ కాళ్లు ముడుచుకుని అక్కడే కూర్చున్నాడు.

ఆండాళు గుంపును తోసుకొచ్చి చీటీ అతని ముక్కు కింద పెట్టింది. "ఇదెందుకు దాసినవ్?"

"గిదా! దగ్గు శానా రోజుల సంది ఉన్నదన్నడు. జ్వరం గిట్ల లేదన్నడు. బీడీలు మానుమన్నడు. నీకు జెప్తే ఇగ తాగనిస్తవా?"

అందరూ సారు వైపు తిరిగారు. "శానా కాలం అని గూడ... అనుకోవచ్చు," అని సారు నసిగాడు.

వండింది పారబోయలేరు. ఈదమ్మ అరుగు మీద విస్తళ్లు వేసింది. మంగయ్య, ఆండాళు, సారు, వెదుళ్లు నరికినవాళ్లు వరసగా కూర్చుని తిన్నారు. తన చావుకు చేసిన పులుసును మంగయ్య రెండుసార్లు పోయించుకున్నాడు.