కంట్లో పడ్డ స్కూటరు

“ఈసారి కౌన్సిలర్ టికెట్లు పైరవీలకు రావు, డబ్బుకు రావు, బంధుత్వానికి అసలే రావు. నాయకుడి కంట్లో పడ్డవాళ్ళకే వస్తాయి.”

పార్టీ ఆఫీసు మెట్ల మీద, పనిచేయని మైకు ముందు నిలబడి కార్యదర్శి ఈ చారిత్రక ప్రకటన చేశాడు. ప్రజాస్వామ్యం ఒక్క ముక్కలో ఇంత సులువుగా బాగుపడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. అందరితో పాటు చప్పట్లు కొట్టాను. నా పక్కన మా బావ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ మాటను అక్షరాలా అర్థం చేసుకునే పనిలో ఉన్నాడు.

మా బావ గురించి చెప్పాలి. మా అక్క భర్త. వృత్తి ఫోటోలకు ఫ్రేములు కట్టడం, ప్రవృత్తి పార్టీకి జెండాలు కట్టడం. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో పార్టీలో చేరాడు. నాయకుడు మా పేటకు ఎప్పుడొచ్చినా కాన్వాయ్ ముందు స్కూటరు మీద దారి చూపించేది ఆయనే. నాయకుడితో కలిసి దిగిన ఫోటోలు ఆయన కొట్టులో గోడ నిండా ఉన్నాయి. ఒకదాంట్లో బావ చెవి పడింది. ఇంకోదాంట్లో భుజం పడింది. అన్నిటికంటే పెద్దది, టేకు ఫ్రేము కట్టింది ఒకటుంది, అందులో మోచెయ్యి మొత్తం పడింది. కొట్టుకు ఎవరొచ్చినా కొలబద్ద పెట్టి మరీ చూపిస్తాడు.

నాయకుడితో మాటలు కూడా జరిగాయి. “సార్, మా వార్డులో...” అని మా బావ మొదలుపెడితే, “చూద్దాం” అని ఆయన అటువైపు తిరిగేవాడు. చూద్దాం అన్నప్పుడల్లా వేరే వైపు చూడటం పెద్దవాళ్ళ పద్ధతి. మనలాంటి వాళ్ళకు అది పట్టుబడదు.

నాది స్కూటర్లకు వైరింగ్ చేసే కొట్టు. ప్రకటన విన్న మర్నాడే మా బావ స్కూటరు తోసుకుంటూ వచ్చాడు.

“లోపం ఎక్కడుందో దొరికిందోయ్. నాలో లేదు, స్కూటర్లో ఉంది.”

“స్టార్ట్ అవట్లేదా బావా?”

“అవుతోంది. కనపడట్లేదు. స్కూటరు బూడిద రంగు, రోడ్డు బూడిద రంగు, పొద్దు వాలితే ఆకాశం కూడా అదే రంగు. ఇక నన్నెక్కడ వెతుక్కుంటాడు పాపం ఆయన? ఇన్నాళ్ళూ అనవసరంగా ఆయన్ని అపార్థం చేసుకున్నా. రెండు ఎల్ఈడీ లైట్లు బిగించు.”

హెడ్‌లైటు కింద చెరో పక్కా ఒకటి బిగించాను. బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగి, రిలే పెట్టి, ఫ్యూజు పెట్టి, హ్యాండిల్ దగ్గర స్విచ్చి ఇచ్చాను. పని అయ్యేసరికి మా అక్క వచ్చింది. స్కూటరు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“ఇన్నాళ్ళకు మీ బావకి ప్రాణం మీద తీపి పుట్టిందిరా. ఆ మలుపులో లారీలు కళ్ళు మూసుకుని వస్తాయి, స్కూటరుకి ఏదైనా వెలుగు పెట్టించండీ అని ఎప్పట్నించి మొత్తుకుంటున్నానో.”

మా బావ నేల చూపులు చూశాడు. నేను బిగించిన ఫ్యూజునే మళ్ళీ బిగించాను.

ఆ వారమే నాయకుడు బస్ షెల్టర్ ప్రారంభించడానికి వచ్చాడు. చీకటి పడే వేళకు కాన్వాయ్ ముందు మా బావ లైట్లు వేసుకుని బయల్దేరాడు. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ దాన్ని అంబులెన్స్ అనుకుని, దానికి దారిచ్చి మిగతా వాహనాలన్నీ ఆపేశాడు. అందులో కాన్వాయ్ కూడా ఉంది. నాయకుడు కారు అద్దం దించి, ముందుకు చూసి ఒక మాట అన్నాడు. ఆ మాటను డ్రైవరు దగ్గర కనుక్కుని మా బావ ఊపిరి తీసుకోకుండా నా కొట్టుకు వచ్చాడు.

“అడిగాడోయ్. ‘ఏంటది’ అన్నాడు.”

“ఏంటది అంటే వస్తువుని అడిగినట్టు బావా.”

“ఆ మాత్రం నాకు తెలీదా? సగం దారి వచ్చేశాం. ఆ ‘ఏంటది’ని ‘ఎవరది’ చెయ్యాలి. ఇంకా ఎన్ని పడతాయి?”

వ్యాకరణాన్ని వాట్లలో లెక్కగట్టిన మొదటి మనిషి మా బావే అయ్యుంటాడు.

ఇక మొదలయింది. కాళ్ళు పెట్టుకునే పలక చుట్టూ పట్టీ లైటు వేశాం. అద్దాలకు వేశాం. నంబరు ప్లేటు చుట్టూ పార్టీ రంగులో వేశాం. హారన్ కొడితే అన్నీ మిణుకుమిణుకుమనేట్టు ఫ్లాషర్ పెట్టాం. ఇన్నిటికీ ఉన్న బ్యాటరీ చాలక సీటు కింద డిక్కీలో ఇంకోటి దూర్చాం. అక్కడుండే హెల్మెట్‌కు వేరే చోటు లేకపోవడంతో మా బావ దాన్ని తలకు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అక్క ఆనందానికి అంతులేదు.

ఆయన ఇంటికొచ్చే వేళ చూసుకుని మా వీధిలోవాళ్ళు సూదిలో దారం ఎక్కించుకునేవాళ్ళు. ఎదురింటి రిటైర్డ్ మేష్టారు ఆ కాస్తసేపూ పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. వాన వెలిసిన సాయంత్రాలు మాత్రం కాస్త ఇబ్బందయ్యేది. ఊళ్ళో పురుగులన్నీ మా బావ అభిమానులైపోయాయి. ఒకరోజు కాన్వాయ్ ముందు “మా నాయకుడు వర్ధి” దాకా అని ఆగిపోయాడు. మిగతా సగం నినాదం పురుగుతో పాటు లోపలికి వెళ్ళిపోయింది. అయినా ఆయన నమ్మకం సడలలేదు.

నాకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది.

“బావా, ఒక మాట చెప్పనా. లైట్లు కనపడుతున్నాయి గానీ, లైట్ల వెనక మనిషి కనపడట్లేదు. పైగా హెల్మెట్ ఒకటి.”

“పిచ్చివాడా, లైట్లు కనపడితే వెనకాల మనిషి ఉన్నట్టే కదా. ఖాళీ స్కూటరు దానంతటది వస్తుందా?”

ఇంకో జత బిగించాను.

టికెట్లు ప్రకటించే ముందు పెద్ద సభ పెట్టారు. వేదిక మీద నాయకుడు, కింద జనం, జనం వెనక స్కూటరు మీద మా బావ. సూర్యుడు దిగిపోయాడు. సభ దీపాలు ఇంకా వెలగలేదు.

“ప్రజలే నా కళ్ళు,” అన్నాడు నాయకుడు. “నేను ఏది చూసినా మీ కళ్ళతోనే చూస్తాను. మీలో ప్రతి ఒక్కరూ నాకు...”

ఇంతకంటే మంచి సమయం దొరకదని మా బావ అనుకున్నాడు. స్కూటరు వేదిక వైపు తిప్పి మొత్తం స్విచ్చిలన్నీ వేసి హారన్ కూడా కొట్టాడు.

సభ తెల్లబడిపోయింది. నాయకుడు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ప్రసంగం పూర్తయిందనుకుని, ఎటో దిగి జనంతో కరచాలనాలు మొదలుపెట్టాడు. పక్కనున్న రోడ్డు మీద ప్రతిపక్ష నాయకుడి కటౌట్ ఉంటే దాని చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు. అది చెప్పుకున్న కష్టం ఏమిటో తెలియదు గానీ, భుజం తట్టి “చూద్దాం” అన్నాడు. పత్రికలన్నీ ఆయన హుందాతనాన్ని మెచ్చుకున్నాయి.

ఆ రాత్రికే నాయకుడి కళ్ళు వాచి ఎర్రబడ్డాయి. డాక్టరు వచ్చి రెండు కళ్ళకూ దూది పెట్టి పట్టీ వేశాడు. కార్యదర్శి మెట్ల మీదికొచ్చి ప్రకటించాడు: “ప్రజల కష్టాలు చూసి చూసి నాయకుడి కళ్ళు అలసిపోయాయి.” మా వార్డులో చాలామంది కంట తడి పెట్టుకున్నారు.

లోపల మాత్రం నాయకుడు వేరే మాట అన్నాడు. “ఆ లైట్లవాణ్ణి పట్టుకోండి.”

పార్టీ అంతా వెతకడం మొదలుపెట్టింది. అది స్కూటరు అని ఒకడన్నాడు. లారీ అని ఇంకొకడన్నాడు. కిందికి దిగుతున్న విమానమనీ, ఇందులో ప్రతిపక్షం హస్తం ఉందనీ మహిళా విభాగం వాళ్ళు తేల్చారు. కార్యదర్శి స్వయంగా మా బావ కొట్టుకు వచ్చి, ఆ లైట్ల స్కూటరుకే ఆనుకుని నిలబడి అడిగాడు.

“నువ్వూ సభకొచ్చావా? ఎవడైనా కనపడ్డాడా?”

ఆ ప్రశ్నకు మా బావ మొహం వాడిపోయింది.

ఆ రాత్రి అన్నాలు తింటూ మా బావ అక్కకు అసలు సంగతి చెప్పేశాడు. అక్క కంచం పక్కకు నెట్టింది.

“అయితే నాకోసం కాదన్నమాట. లారీల కోసం కూడా కాదు.”

“అది కాదే...”

“సరే, అయిందేదో అయింది. ఎవరికీ తెలియలేదు కదా. నోరు మూసుకుని ఇంట్లో ఉండండి. వెళ్ళి చెప్పారంటే కొట్టు ఎత్తించేస్తారు. ఆ నాలుగు ఫ్రేములే కదండీ మనకి ఆధారం.”

“ఆయన నోట నా ఊసు రావడం ఇదే మొదటిసారి,” అన్నాడు మా బావ. “పట్టుకోమన్నాడు. ఎవర్ని? నన్నే కదా. ఎందుకు పట్టుకోమన్నాడనేది తర్వాత సంగతి. ఇప్పుడు కూడా నేను కానట్టు కూర్చుంటే, ఇన్నేళ్ళూ కాన్వాయ్ ముందు ఆ స్కూటరు నడిపిందెవరు?”

ఆయన్ని చూసి నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పొద్దూ, చాలా జాలేసింది. అక్క లేచి చొక్కా ఇస్త్రీ చేసింది.

మర్నాడు నన్ను తోడు తీసుకుని నాయకుడి ఇంటికి వెళ్ళాడు. కిటికీలకు మందపాటి తెరలు వేశారు. నాయకుడు పడక కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కంటి ఆసుపత్రి కంపౌండరు ఒకడు, బక్కపలచటి మనిషి, చుక్కల మందు సీసా పట్టుకుని ఆయన మీదికి వంగి పట్టీ పైకెత్తాడు.

“పైకి చూడండి,” అన్నాడు. నాయకుడు పైకి చూశాడు.

“కిందికి.” కిందికి చూశాడు.

“నన్నే చూడండి. అటూ ఇటూ తిప్పొద్దు.” తిప్పలేదు.

ఆయన ఒక మనిషి వైపు అంతసేపు చూడటం మేమెవరమూ ఎన్నడూ ఎరగం. కంపౌండరు రెండో కంట్లో కూడా చుక్కలు వేసి పట్టీ మళ్ళీ అతికించాడు. అప్పుడు మా బావ రెండడుగులు ముందుకు వేశాడు.

“సార్, ఆ లైట్లు నావే.”

నాయకుడు తల ఇటు తిప్పాడు.

“ఎవరది?”

మా బావ నా వైపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాట కోసమే కదా ఇదంతా.

“నేనే సార్. ఫ్రేముల కొట్టు. మీ కాన్వాయ్ ముందు ఎప్పుడూ స్కూటరు మీద...”

కార్యదర్శి గబగబా వచ్చి నాయకుడి చెవిలో వంగాడు. గుసగుసే గానీ గది చిన్నది. “సార్, ప్రజల కష్టాలు చూసి అలసిపోయాయని ప్రకటన ఇచ్చేశాం. ఇప్పుడు స్కూటరని చెబితే బాగోదు. ఏం చెయ్యమంటారు?”

నాయకుడు కట్టిన కళ్ళతోనే కిటికీ వైపు తిరిగాడు.

“చూద్దాం.”

కార్యదర్శి మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు. “లైట్లూ లేవు, స్కూటరూ లేదు. నువ్వు రాలేదు, మేం నిన్ను చూడలేదు. తెలిసిందా?”

“అది నాకు అలవాటేనండి,” అన్నాడు మా బావ.

వారం తిరక్కుండా మెట్ల మీద జాబితా చదివారు. మా వార్డు టికెట్ కంటి ఆసుపత్రి కంపౌండరుకు వచ్చింది. “కట్టు విప్పగానే నాయకుడు మొదట చూసింది ఈయన్నే,” అని కార్యదర్శి వివరించాడు. “ఇచ్చిన మాట తప్పడం మన పార్టీ చరిత్రలో లేదు.” కంపౌండరుది మా వార్డు కూడా కాదు. ఎలా ఒప్పుకున్నారని ఆయన్ని నేనే అడిగాను.

“వార్డు చూసుకోమన్నారండీ. ఆసుపత్రిలో వార్డనుకున్నాను,” అన్నాడు పాపం.

గెలిచాడు కూడా. విజయయాత్ర సాయంత్రం పెట్టారు. మా వీధుల్లో చీకటి కాబట్టి, ముందు వెలుగు లేకపోతే కొత్త కౌన్సిలర్‌ను జనం గుర్తుపట్టరని కార్యదర్శికి దిగులు పట్టుకుంది. నా కొట్టుకు మనిషిని పంపాడు. “ఆ లైట్ల స్కూటరు ఒకటుండాలట కదా. రమ్మనండి. లైట్లు మాత్రం జీపు వైపు కాస్త దించి పెట్టించండి.”

అక్క వద్దంటుందనుకున్నాను. అనలేదు. హెల్మెట్ తెచ్చి చేతికిచ్చి, “మలుపు దగ్గర జాగ్రత్త,” అంది. బ్రాకెట్లు వెనక్కి తిప్పి, నాలుగైదు లైట్లు జీపు మీద పడేట్టు దించి బిగించాను. మా బావ స్కూటరు ముందు నడిపాడు. యాత్ర దేదీప్యమానంగా సాగింది.

మర్నాడు ఫోటో పేపర్లో పడింది. జీపు మీద కంపౌండరు చేతులు జోడించి ఉన్నాడు. ప్రతి వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు, అంత వెలుగు. పక్కనే నాయకుడు, డాక్టరు సలహా మీద నల్లద్దాలు పెట్టుకుని నిలబడ్డాడు. కింద ఎడమ మూల ఒక మోచెయ్యి.

మా బావ ఆ పేపరు కత్తిరించి, మంచి కర్ర ఏరి, ఫ్రేము కట్టి కొట్టులో తగిలించాడు. నన్ను పిలిచి కొలబద్ద పెట్టి చూపించాడు.

“చూడు ఎంత స్పష్టంగా పడిందో. నీ లైట్ల మహిమేనోయ్.”

నల్లద్దాల వెనక నాయకుడు ఎటు చూస్తున్నాడో ఆ ఫోటోలో తెలియదు. మోచెయ్యి వైపే అంటాడు మా బావ.